నిబంధన నంబరు ఒకటి

ఈసారి పోస్టు పొడుగ్గా ఉంటుంది. తీరిక లేనివాళ్ళు రాత్రి భోజనాలయ్యాక చదవండి, ఎక్కడికీ పోదు.

ఉగాది కవితల పోటీకి నిబంధనలు రాసిపెట్టే పని కమిటీవారు నాకు అప్పజెప్పారు. గూడ్సు ఆఫీసులో రూళ్ళ పుస్తకాల మధ్య తల నెరిసినవాణ్ణి కాబట్టి ఇది నాకు చేతనైన పని అనుకున్నారు. చివరి తేదీ, మనిషికి రెండు కవితలు, పేరు వేరే కాగితం మీద రాయడం, ఇవన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. మొదటి నిబంధన మాత్రం మూడు వారాలుగా ఖాళీగానే ఉంది. "కవిత్వం మాత్రమే పంపాలి" అంటే సరిపోదట. కవిత్వమంటే ఏమిటో కూడా ఒక్క వాక్యంలో తేల్చాలట, నిరుటిలాంటి గొడవ మళ్ళీ రాకుండా.

నిరుటి గొడవ తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఆర్యపల్లి వైపు ఒక నోలియా కుటుంబం నుంచి మనకు ఒక కవరు వచ్చింది. రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది ఒడియా. తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసింది. ఆ మాటలు కూడా పిల్లవి కావు, వాళ్ళ అమ్మమ్మవి. వేటకు వెళ్ళి తిరిగిరాని భర్తను తలుచుకుంటూ ఆ ముసలమ్మ చేపలు ఎండబెట్టేటప్పుడు పాడుకునే ఏడుపు అది. ఏళ్ళ తరబడి పాడుతోందట. తెప్ప ఒడ్డుకొచ్చింది, నువ్వెందుకు రాలేదని తెప్పనే అడుగుతుంది. దండెం మీద వల చిరిగే ఉంది, అల్లే చెయ్యేదని అడుగుతుంది. నాలుగు చోట్ల ఒడియా మాటలు పడ్డాయి. ఒక చోట లెక్క తప్పి అదే మాట మూడు సార్లు వచ్చింది.

దాన్ని పోటీలోకి తీసుకోలేదు. ఛందస్సు లేదని ఒకరు, లిపి తెలుగు కాదని ఒకరు, సొంత రచన కాదని ఇంకొకరు అన్నారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. నిబంధన లేనప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు అంటారు.

కానీ అసలు సంగతి ఆ రోజు మధ్యలో జరిగింది. ఒడియా చదవడం బాగా వచ్చిన ఒక సభ్యులు ఆ కాగితం పైకి చదువుతూ "మేడ బోసిపోయింది" అనే చోట ఆగి, "ఇదిగో, ఇదొక్కటి కవిత్వం" అన్నారు. గుడిసెలో ఉన్న మనిషి మొగుణ్ణి మేడతో పోల్చింది, ఆయన పోతే ఉన్న మేడ బోసిపోయింది, ఎంత గొప్ప ఊహ అని మెచ్చుకున్నారు. అందరూ తలలూపారు. నాకు అనుమానం వచ్చింది. ఒడియాలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ అంతే. మెడ అని రాసినా మేడ అని రాసినా కాగితం మీద తేడా ఉండదు. అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే, "మెడ అండీ, పుస్తెలు తీసేశారు కదా" అంది. ఈ మాట చెప్పగానే మెచ్చుకున్నవారే "ఓహో, అయితే ఉన్న సంగతి చెప్పిందంతే, అందులో కవిత్వం ఏముంది" అన్నారు.

నాకు మాత్రం మేడ కన్నా మెడే ఎక్కువ తగిలింది. అయితే దానికి కారణం చెప్పమంటే ఆ రోజు చెప్పలేకపోయాను. ఈ మూడు వారాలు నిబంధన పేరు చెప్పి ఆ కారణమే వెతుకుతున్నాను.

వెతికితే ఒక సరదా సంగతి తెలిసింది. ఈ తగువు మన రెండు భాషల మధ్య ఎప్పుడో జరిగిపోయింది, అదీ సంస్కృతంలో. కావ్యమంటే ఏమిటో చెప్పినవాళ్ళలో బాగా పేరున్న విశ్వనాథ కవిరాజు మన కళింగం మనిషే. 14వ శతాబ్దం. రాజుగారి కొలువులో సాంధివిగ్రహికుడు, అంటే యుద్ధమూ సంధీ చూసే ఉద్యోగం. సాహిత్యదర్పణం రాశాడు. ఆయనకు ముందు కాశ్మీరం మమ్మటుడు, దోషాలు లేకుండా గుణాలతో కూడిన శబ్దార్థాలే కావ్యమన్నాడు. విశ్వనాథుడు దాన్ని పట్టుకుని, బొత్తిగా దోషం లేని కావ్యం లోకంలో ఎక్కడుంది, ఆ లెక్కన కావ్యమే దొరకదు కదా అన్నాడు. (మన పోటీకి వచ్చే కవితలు చూసినవాళ్ళెవరైనా ఆయనతో ఏకీభవిస్తారు.) అందుకని దోషాల మాట వదిలేసి, రసం ఉన్న వాక్యమే కావ్యమని తేల్చాడు.

మూడు వందల ఏళ్ళు గడిచాక మన తెలుగాయన వచ్చాడు. కోనసీమ ముంగండ అగ్రహారం జగన్నాథుడు. షాజహాను కొలువుకెళ్ళి పండితరాజు అనిపించుకున్నవాడు. రసగంగాధరంలో విశ్వనాథుణ్ణి నిలదీశాడు. రసం ఉంటేనే కావ్యమంటే, ఒక ఏటి ప్రవాహాన్నో, ఒక కోతి ఆటనో, ఒట్టి వస్తువునో అలంకారాన్నో చక్కగా చెప్పిన పద్యాలన్నీ కావ్యాలు కాకుండా పోవాలా అన్నాడు. ఆయన పెట్టిన లక్షణం, రమణీయమైన అర్థాన్ని ఇచ్చే శబ్దం కావ్యం. రమణీయం అంటే ఏమిటని మళ్ళీ మనం అడుగుతామని ఆయనకు తెలుసు. లోకంలో మామూలుగా కలిగే సంతోషం వేరు, ఇది వేరు అన్నాడు. కొడుకు పుట్టాడనో, డబ్బిస్తాననో ఎవరైనా చెబితే సంతోషమే, అలాగని అది కావ్యం కాదు. ఈ మాట చదివి నేను నవ్వుకున్నాను. బోనసు సర్క్యులరు వచ్చిన రోజు మా ఆఫీసులో దాన్ని మూడేసి సార్లు పైకి చదివించుకుని విన్నవాళ్ళున్నారు.

ఒడియావాడు ఒక లక్షణం కట్టడం, తెలుగువాడు దాన్ని విప్పడం. గంజాం జిల్లాలో మనకిది కొత్తా?

ఇప్పుడు ఈ ముగ్గురి ముందూ ఆ ముసలమ్మ కాగితం పెట్టి చూడండి. మమ్మటుడు మొదటి పంక్తికే తిప్పి పంపిస్తాడు. విశ్వనాథుడి దగ్గర చిక్కు ఉంది. ఆవిడది సొంత ఏడుపు, అది శోకం. శోకం రసం కాదు, అది వినేవాడి గుండెలో కరుణగా మారితేనే రసమని శాస్త్రం. ఆవిడకు శోకమే, మనకు కరుణ. మరి కావ్యం ఎవరిదైనట్టు? వాల్మీకి విషయంలో కూడా కథ ఇలాగే మొదలైంది గాని, అక్కడ పిట్ట చచ్చింది, చూసినవాడు ముని. ఇక్కడ పిట్టే పాడుతోంది. జగన్నాథుడు ఏమంటాడో నాకు అంతుపట్టలేదు. బోసి మెడలో రమణీయం ఏముందని నాతో పాటు ఆయనా ఆలోచనలో పడి ఉంటాడనుకుంటాను.

ఛందస్సు సంగతి నాకు కొంచెం దగ్గరది. నా చదువంతా అరక్కోణంలో తమిళ మీడియం. అక్కడ పద్యాన్ని ముక్కలు చేయడం చిన్నప్పుడే నేర్పుతారు: ఎళుత్తు, అసై, శీర్, తళై, అడి, తొడై. తిరుక్కుఱళ్‌లో ప్రతి కుఱళూ రెండు పాదాలు, మొదటి దానిలో నాలుగు శీర్లు, రెండో దానిలో మూడు. మన ప్రాస ఎలా రెండో అక్షరం చూస్తుందో వాళ్ళ ఎదుగై కూడా అలాగే రెండో అక్షరం చూస్తుంది. పెద్దయ్యాక తెలుగు పద్యాలు చదివినప్పుడు నాకు పరాయివిగా అనిపించకపోవడానికి అదే కారణం. మా క్లాసులో ఒకడు హాస్టలు ఇడ్లీ మీద కుఱళ్ వెణ్బా రాశాడు, ఒక్క తళై తప్పలేదు. అయ్యవారు మార్కులు పూర్తిగా వేసి, "అన్నీ సరిపోయాయి, ఇడ్లీ మాత్రం ఉడకలేదు" అన్నారు. అదే అయ్యవారు నన్నూల్ చెప్పేటప్పుడు, ప్రాణానికి ఒళ్ళు ఎలాగో అర్థానికి మాటలతో కట్టిన పద్యం అలాగ అని వివరించారు. ఒళ్ళు సరే. ప్రాణం ఉందో లేదో చూసే నాడి ఎక్కడుందో నన్నూల్ చెప్పదు.

తెలుగులో మాత్రం? 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని పద్యాల్లో రాశాడు. యతీ ప్రాసా సరిపోయాయని దాన్ని కవితల పోటీకి తీసుకుంటామా? అటు గురజాడవారు 1910లో ముత్యాల సరాలు పాత కొలతలకు బయట కట్టారు. శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో పుస్తకమై వచ్చింది. ఈ రెంటినీ కాదనే ధైర్యం మన కమిటీలో ఎవరికీ లేదు. ఛందస్సు కొలబద్ద అయితే మల్లన లోపలికి, వీళ్ళు బయటికి.

ఒడియావాళ్ళకూ ఈ తలనొప్పి ఉంది. మన ఘుమ్‌సర రాజవంశంలో పుట్టిన ఉపేంద్ర భంజ వైదేహీశ విలాసంలో ప్రతి పాదాన్నీ "బ" తోనే మొదలుపెట్టాడు. అథగడ ప్రాంతపు కవిసూర్య బలదేవ రథ్ చంపువులో పాటలు "క" నుంచి "క్ష" దాకా అక్షరాల వరసలో నడుస్తాయి. ఇది కవిత్వమా, కసరత్తా అని 1890ల్లో ఇంద్రధను, బిజులీ అని రెండు పత్రికలు బాహాటంగా కొట్టుకున్నాయి. ఒకరు భంజ వైపు, ఒకరు కొత్తగా వచ్చిన రాధానాథ్ రాయ్ వైపు. ఎవరూ గెలవలేదు. బలదేవ రథ్ పాటలు ఇప్పటికీ కచేరీల్లో పాడుతున్నారు. పాడేవాళ్ళు అక్షరాల వరస లెక్కపెట్టుకుంటూ పాడరు, వినేవాళ్ళు లెక్కపెట్టుకుంటూ వినరు.

మన బరంపురంలో పుట్టిన తాపీ ధర్మారావుగారి సంగతి కూడా చెప్పాలి (1887లో పుట్టారు). గుళ్ళ మీది బొమ్మల గురించీ పెళ్ళి పుట్టుక గురించీ నిలదీసి రాసిన మనిషి, వాడుక భాష మనిషి. ఆయనకు సాహిత్య అకాడెమీ బహుమతి 1971లో దేనికొచ్చింది? తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి రాసిన విజయవిలాసానికి రాసిన హృదయోల్లాస వ్యాఖ్యకు. తమిళ దేశంలో పుట్టిన తెలుగు కావ్యం, దాని లోపలి చమత్కారాలన్నీ విప్పి చూపించింది ఒడిశా గడ్డ మీద పుట్టినాయన. ఆ వ్యాఖ్య చదివితే ఒకటి గమనించాను. కవిత్వమంటే ఇదీ అని మొదట గీత గీసి పని మొదలుపెట్టినట్టుండదు. ఒక్కో పద్యం పట్టుకుని ఇక్కడ చూడు, ఈ మాట చూడు అంటూ చూపిస్తూ పోతారు. వ్యాఖ్యానానికి అది బాగానే కుదురుతుంది. నిబంధనకు కుదరదు, అదే నా బాధ.

లిపి విషయంలో నాకు మొహమాటం లేదు. తెలుగు అక్షరాలు నాకు పదమూడో ఏట గాని రాలేదు. అంతవరకు మా అమ్మమ్మకు ఉత్తరాలు తమిళ లిపిలో, తెలుగు మాటలతో రాసేవాణ్ణి. తమిళంలో క, గ ఒకటే అక్షరం, గాలి అని రాస్తే కాలి అని కూడా చదవొచ్చు. ఆవిడ ఒక్కనాడూ తప్పు చదవలేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల కోసం పుస్తకాలు రాసి సొంత డబ్బుతో బడి పెట్టిన రోజుల్లో ఆ భాషకు లిపే లేదు. మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని చేసింది 1936లో. అప్పటిదాకా సవరలు పాటలు పాడకుండా కూర్చున్నారా? తెలుగు లిపే ఉండాలని నిబంధన పెడితే బయట నిలబడేది నోలియా పిల్ల ఒక్కతే కాదు. మన సభ్యుల ఇళ్ళల్లోనే తెలుగు చదవగలిగిన మనవలెంతమందో ఎవరి ఇంట్లో వాళ్ళు లెక్క వేసుకోండి. ఇంకో పదేళ్ళకు పోటీ పెడితే కవరు పంపేవాళ్ళెవరు?

గూడ్సు ఆఫీసులో మాకో పెద్ద రేట్ల పుస్తకం ఉండేది. లోకంలో ఉన్న సరుకులన్నీ అందులో పేరుపేరునా ఉండేవి, దేన్ని ఏ తరగతి కింద వేయాలో రాసి ఉండేది. ఎంత రాసినా పేరు లేని సరుకు ఏదో ఒకటి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేది. పుస్తకంలో లేదని దాన్ని వెనక్కి పంపేవాళ్ళం కాదు. ఎన్.ఓ.సి. అని ఒక మాట ఉండేది, అంటే వేరే ఎక్కడా చెప్పనివి. ఆ గడిలో వేసి, తూకం వేసి, రసీదు ఇచ్చేవాళ్ళం. సరుకు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళేది. ఆ పుస్తకం రాసినవాళ్ళకు తమ జాబితా ఎప్పటికీ పూర్తి కాదని తెలుసు. కవిత్వానికి లక్షణం రాసిన పండితులకు ఆ గడి ఒకటి ఉంచాలని ఎందుకు తోచలేదో!

అందుకని నిబంధన నంబరు ఒకటి ఇలా రాశాను. రచన తెలుగు మాటల్లో ఉండాలి, ఏ లిపిలో రాసినా సరే. పంపినవారు గాని, వారి తరఫువారు గాని న్యాయనిర్ణేతల ముందు పైకి చదవాలి లేక పాడాలి, కాగితం ఆ తరవాత చూస్తాం. సొంతంగా రాసినవి ఒక వరస, పెద్దల నోట విని రాసుకున్నవి ఇంకో వరస. రెండో వరసలో చెప్పినవారి పేరూ రాసినవారి పేరూ రెండూ ఉండాలి. కవిత్వమంటే ఏమిటో రాయమన్న చోట ఏమీ రాయలేదు. మెడ, మేడ గొడవ కాగితం మీదే వచ్చింది, చెవితో వింటే రాదు. ముందు వినడం అనే నియమం పెట్టింది ఆ ఒక్క కారణంతోనే.

ఆ ముసలమ్మది కవిత్వమేనా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా ఓటు అవును. కారణం ఇన్నాళ్ళకు కొంచెం దొరికింది. మేడ అంటే ఆయన ఎంత గొప్పవాడో చెప్పింది, మనం మెచ్చుకుని ఊరుకున్నాం. మెడ అంటే మనం ఆవిడ వైపు చూడాల్సి వచ్చింది. కమిటీలో ఎవరికీ చూడాలనిపించలేదు, అందుకే "ఉన్న సంగతే కదా" అన్నారు. ఇది లక్షణం కాదు, ఒక కేసు మీద నా అభిప్రాయం. కాదనేవాళ్ళు కింద రాయండి, చదువుతాను.

నిబంధనలు ఆదివారం మీటింగులో ముందుపెడతాను, అభ్యంతరాలు ఆలోపు చెప్పండి. ఆ అమ్మాయి పదో తరగతి పరీక్షలు అయిపోగానే అమ్మమ్మను తీసుకుని వస్తానంది. ఆర్యపల్లి రోడ్డు వైపు నుంచి కారులో వచ్చే సభ్యులెవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి, వాళ్ళిద్దరినీ ఎక్కించుకోవాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. కాబట్టి ఈ ఏడు కార్యక్రమం మేడ మీద హాల్లో కాకుండా కిందే పెట్టమని కమిటీకి నా మనవి.