చక్రము కంపించినప్పుడు

కంపము చేతికి తెలిసినంత మాత్రమున దోషము చేతిలోని వస్తువునందే ఉన్నదని తలచుట మానవ స్వభావము. 1920ల నాటి మోటారు కార్లు ఈ భ్రమను చక్కగా బయటపెట్టినవి.

ఆ కాలమున ముందరి రెండు చక్రములు ఒకే ఉక్కు ఇరుసుకు కట్టుబడి యుండెడివి. 1923లో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ తక్కువ గాలితో నడచు వెడల్పైన బెలూన్ టైర్లను ప్రవేశపెట్టినది. ప్రయాణము మెత్తబడినది. ముందరి చక్రములకును బ్రేకులు చేరి ఇరుసుపై భారము పెరిగినది. అంతట ఒకానొక వేగము వద్ద చక్రములు ఇటునటు కొట్టుకొనుట, స్టీరింగు చేతులను విదిలించుట మొదలైనది. దీనికి ఆనాటి ఒక నృత్యము పేరిట షిమ్మీ అని పేరు వచ్చినది.

తొందరపడినవాడు స్టీరింగు పెట్టెను బిగించెడివాడు. కంపము కొంత అణగెడిది. కాని మలుపు తిరిగిన చక్రము తిరిగి నిలువునకు రాక బండి దారి తప్పు ప్రమాదము పెరిగెడిది. లక్షణము దాగినది, రోగము మిగిలినది. బండిలోని వారి ప్రాణములు ఆ తొందరపాటుపై ఆధారపడి యుండెడివి.

వివేకి క్రమము వేరు. మొదట రెండు టైర్ల గాలి సమానముగా ఉన్నదా యని చూచును. పిదప జాకీతో ఇరుసును లేపి, చక్రమును పైన, క్రింద పట్టి ఊపును. వదులు తోచినచో మరియొకరిచేత బ్రేకు త్రొక్కించును. అప్పుడు వదులు మాయమైనచో దోషము చక్రనాభి బేరింగులది. మాయము కానిచో కింగ్‌పిన్‌ది. ఆపై అంచు దగ్గర సుద్దముక్క నిలిపి చక్రమును త్రిప్పును. సుద్ద కొన్నిచోట్లనే తగిలినచో అంచు వంకర. చివరకు చక్రమును స్వేచ్ఛగా త్రిప్పి విడుచును. ప్రతిసారి ఒకే భాగము అడుగున నిలిచినచో అచట భారమెక్కువ. ఎదురుగా చిన్న తూకపు ముక్కను అమర్చవలెను.

ఇంకొక సూక్ష్మమున్నది. లోపలి ముఖమున ఒకచోట, వెలుపలి ముఖమున దానికెదురుగా ఇంకొకచోట భారముండిన చక్రము నిలుచునప్పుడు సమముగానే తోచును. వేగము పుంజుకొన్నప్పుడే తడబడును. అంతేకాక, వేగముగా తిరుగు చక్రము ఇరుసుతోపాటు ఒకప్రక్కకు ఒరిగినచో దాని భ్రమణబలమే దానిని మలుపు త్రిప్పజూచును. ఆ మలుపు మరల ఇరుసును కదలించును. ఒకదానినొకటి పెంచుకొను ఈ బంధమును సడలించుటకు తోడ్పడినది ప్రతి చక్రమునకును విడి అమరిక. 1934లో కాడిలాక్ మొదలగు జనరల్ మోటార్స్ కార్లలో అది వచ్చినది.

ఋగ్వేదమున ‘ఖ’ శబ్దమునకు చక్రనాభి రంధ్రమను అర్థము కలదు. ఆ రంధ్రము చక్కగా కుదిరినది సుఖమనియు, కుదరనిది దుఃఖమనియు వ్యుత్పత్తి చెప్పిన నిఘంటుకారులు కలరు. ఆ అర్థమున దుఃఖము చేతిలో తోచును, నాభిలో పుట్టును. కావున జిజ్ఞాసువు కంపమును బిగించి దాచక, ఇరుసును లేపి, చక్రమును త్రిప్పి, అది ఎచట నిలుచునో ఓర్పుతో చూడవలెను.