చిన్న బండి, మా అయ్య సుత్తి

చిన్న రైలంటే నాకూ పిచ్చే. నౌపడ నుంచి గుణుపురం పోయే బండి మాది. రెండున్నర అడుగుల పట్టా. పర్లాకిమిడి రాజుగారు వేయించేరని పుస్తకాల్లో ఉంటది. నౌపడ - పర్లాకిమిడి లైను 1900లో మొదలయ్యింది, 1931కి గుణుపురం చేరింది. రాజుగారు డబ్బు పెట్టేరు, సరే. కంకర మోసిందెవరు?

మా అయ్య ఆ లైన్లో కీమన్. తెల్లారకుండానే భుజాన సుత్తి, పానా ఏసుకుని పట్టా ఎంబడి నడిచీవోడు. ఊడిన కీని దిగ్గొట్టడం, వదులైన బోల్టు బిగించడం ఆయన పని. దెబ్బ చప్పుడు బట్టే ఏది వదులో సెప్పీవోడు. ఆయన నడిస్తేనే బండి నడిచీది. అదే మనిషి ఊళ్లోకొస్తే నూతికి దూరంగా నిలబడాల. బండిలో మాత్రం టిక్కెట్టు కులం అడగలేదు. మాలపేట పిల్లలం బల్ల మీద కూకున్నాం. పక్కనున్నోళ్లు ఎడంగా జరిగీవోళ్లు. జరగనీ, దిగమనే హక్కు ఆళ్లకి లేదు. అందుకే నాకా బండి మీద ప్రేమ.

2004లో చిన్న బండి ఆగింది. 2011కి గుణుపురం దాకా పెద్ద లైను పడింది. మంచిదే, జనానికి కావాల్సిందదే. డార్జిలింగ్ చిన్న రైలుని 1999లో, కల్కా - సిమ్లా రైలుని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వం అంది. పాత ఇంజన్లకి రంగులేసి నిలబెడుతున్నారు. అభిమానులు ఇంజను నంబరు, కట్టిన కంపెనీ, ఏడాది గడగడా చెబుతారు. వినడం నాకూ ఇష్టమే. మరి పట్టాని కాసిన చేతుల మాటేటి? వారసత్వమంటే ఇనుమొక్కటేనా?

ఇంజను పక్కన మా అయ్య సుత్తి కూడా పెట్టండి. కింద కీమన్ అని రాయండి. మాలపేట అని కూడా రాయండి.