చంకలో బిళ్ళ

బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికి నేను వెళ్ళింది ముర్రుపాల గురించి రాద్దామని. తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా 2022లో జాతీయ గుర్తింపు వచ్చిన చోటు ఇది. కాన్పుల వార్డు చూసి మధ్యాహ్నం బస్సుకు వెనక్కి రావాలనుకున్నాను. టీకాల గది దగ్గరే గంట గడిచిపోయింది.

నా ముందు వరసలో ఒక పెద్దమ్మ, ఒళ్ళో నెలన్నర మనవడు. పక్కన బాలింత కోడలు. "సిస్టరమ్మా, పోరనికి చంకల బిళ్ళ కట్టింది. సూది వేసినప్పటి సంది గిట్లనే. జర చూడు" అంది పెద్దమ్మ, సగం భయంగా, సగం నిష్ఠూరంగా.

సిస్టర్ అంగీ జరిపి పిల్లాడి ఎడమ చెయ్యి ఎత్తింది. పుట్టగానే బీసీజీ వేసిన చోట కందిగింజంత పొక్కు, కొసన తెల్లగా. చంకలో వేలితో తడిమింది. "శనగగింజంత ఉంది, అంతే. టీకా పని చేస్తున్నదమ్మా. నొక్కకు, కాపడం పెట్టకు, పసుపు రాయకు. పెద్దగైనా, చీము పట్టినా తీసుకరా, డాక్టర్ సారుకు చూపిద్దాం."

పసుపు మాట వినగానే పెద్దమ్మ కోడలి వైపు చూసింది. అప్పటికే రాసినట్టున్నారు.

ఆ శనగగింజ దగ్గరే నేను ఆగిపోయాను. బీసీజీలో ఉండేది బతికున్న సూక్ష్మజీవే, కాకపోతే బలం తీసేసినది. పసివాడికి వేసేది 0.05 మిల్లీలీటర్లు, అదీ చర్మంలోనే. అక్కడి కాపలా కణాలు దాన్ని పట్టుకుని దగ్గరి ఠాణాకు తెస్తాయి. ఎడమ భుజానికి దగ్గరి ఠాణా ఎడమ చంక. ఆనవాలు పట్టిన కణాలు అక్కడ ఒకటి పదై, పది వేలై పెరుగుతాయి. అదే వాపు. కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేదీ ఇందుకే. పుస్తకాల్లో దీన్ని శోషరస గ్రంథి అంటారు. నాకు బిళ్ళే నచ్చింది. మెడలో, చంకల్లో, గజ్జల్లో, కడుపులో ఇలాంటివి వందల కొద్దీ ఉంటాయి.

ఆ కణాలన్నీ పుట్టేది మూలుగలో. దావత్‌లో మూలుగబొక్క కోసం పోటీపడే మనవాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. మటన్ కొట్టులో తిల్లి అని అడిగి తెచ్చుకునే ప్లీహం కూడా ఈ పటాలంలోదే, రక్తాన్ని జల్లెడ పడుతుంది. మలేరియా వస్తే ఉబ్బేది అదే. ఇక రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన థైమస్ ఉంటుంది. మూలుగ నుంచి వచ్చిన టి-కణాలకు అక్కడ శిక్షణ. శత్రువును గుర్తుపట్టలేనివీ, సొంత ఒంటి మీదికే తిరగబడేవీ అక్కడే రాలిపోతాయి. నూటికి అయిదు కూడా గట్టెక్కవు. మన పాత ఎంసెట్టే నయం. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దీన్ని తీసేసి చూసేదాకా, దీనికి పెద్ద పనేమీ లేదనే అనుకున్నారు. పసితనంలో ఒంటితో పోలిస్తే చాలా పెద్దది. ఈడు వచ్చాక కరిగి కొవ్వుగా మారుతుంది.

అంటే ఆ పిల్లాడి బడి ఇంకా నడుస్తోంది. అంతదాకా కాసేదెవరు?

పైన వార్డులో దొరికింది జవాబు. పొద్దున కాన్పయిన ఒకామె, పిల్లను రొమ్ముకు ఆనించుకుని పడుకుంది. చిక్కగా, పచ్చగా నాలుగు చుక్కలు. ఒకప్పుడు ఇవే పిండి పారబోసి తేనె నాకించేవాళ్ళు. చిత్రమేమిటంటే ఆ ఇళ్ళలోనే దూడకు జున్నుపాలు తాగనిచ్చాకే తాము పిండుకునేవారు. దూడకు తల్లి కడుపులో ఉండగా రోగాలను అడ్డుకునే రక్షకాలు (యాంటీబాడీలు) అందవు, ఆ పాలే దిక్కు. మనిషి బిడ్డకు మాయ గుండా కొన్ని వస్తాయి. పేగును కాచే రకం మాత్రం ముర్రుపాలలోనే దండిగా ఉంటుంది.

ఆ రకానికి పాఠం నేర్పేది రొమ్ము కాదు, తల్లి పేగు. చిన్నపేగు గోడలో పేయర్ మచ్చలని ఉంటాయి. ఆమె తిన్న అన్నంలో, తాగిన నీళ్ళలో వచ్చిన సూక్ష్మజీవులను అవి ఎరుగుతాయి. అక్కడ నేర్చుకున్న కణాలు రొమ్ముకు చేరి, వాటికి తగిన రక్షకాలను పాలలోకి వదులుతాయి. మంజీర నది పక్క ఊళ్ళో బిడ్డకు ఆ ఊరి మందే అందుతుందన్న మాట. డబ్బాపాలకు ఆ ఊరు ఎలా తెలుస్తుంది?

కిందికి వచ్చేసరికి మనవడికి తొడల్లో సూదులు, నోట్లో చుక్కలు అయిపోయాయి. ఏడ్చి ఏడ్చి తల్లి రొమ్ము అందుకున్నాడు. పెద్దమ్మ కొంగు చాటున తన చంక తడుముకుంటోంది.

"నాకు లేదేంది సిస్టరమ్మా?"

"ఉంటదమ్మా. పని పడితేనే చేతికి తగుల్తది."

నమ్మినట్టు లేదు. రెండో చంక కూడా చూసుకుంది.