వందకెంతో అడగండి!

ఇంటి ఖర్చులో మిగిల్చిన 500 రూపాయలు ఎలా పోగొట్టుకున్నానో వినండి! మా వీధిలో రెండు చీరల లక్కీ డ్రాలు పెట్టారు. చీటీ వెల ఒకటే. ఒకచోట 10 మందిలో ఒకరికి చీర, రెండోచోట 100 మందిలో 9 మందికి. "తొమ్మిది చీరలే!" అని రెండోదే కట్టాను. రాలేదు. "పదికొకటంటే వందకి పది కదమ్మా" అంది మా అమ్మాయి.

2006లో అమెరికాలో ఎలెన్ పీటర్స్ బృందం మిఠాయి బిళ్ళల గిన్నెలతో ఇవే అంకెలు పెట్టి చూస్తే, లెక్కలు తక్కువ వచ్చినవారే ఎక్కువగా నాలా తొమ్మిదికి మోజుపడ్డారట.

మొన్న మా అత్తయ్యగారి ఆపరేషన్‌కి ఒక డాక్టరుగారు 20 మందిలో ఒకరికి ఇబ్బందన్నారు, ఇంకొకరు 100లో ఐదుగురికన్నారు. ఇంట్లో అందరూ కంగారుపడుతుంటే, రెండూ ఒకటేనని నేనే చెప్పాను. మీరూ అంతే, అంకె వినగానే వందకెంతో చూసుకోండి!