రాజహరా కొండ, జాదుగూడ గని

భిలాయి ఉక్కు కర్మాగారం చరిత్రను 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడికతో మొదలుపెట్టడం పరిపాటి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమి చుట్టూ వెలసిన సెక్టార్లలో, ఖుర్సీపార్ బస్తీలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన వేలాది కుటుంబాలు స్థిరపడ్డాయి. కొలిమికి ముడి ఇనుము మాత్రం దక్షిణాన నూరు కిలోమీటర్లలోపు దూరంలో ఉన్న దల్లీ-రాజహరా కొండల నుంచి వచ్చింది. అది గోండులు, హల్బాలు నివసించే సీమ.

ఆ కొండలలో ఇనుమున్నదని కాగితం మీద పెట్టినవాడు భూగర్భ సర్వేక్షణ శాఖాధికారి ప్రమథనాథ బోస్. అది 1887 నాటి మాట. స్థానికులకు ఆ వార్త కొత్తదేమీ కాదు. మధ్య భారతంలో అగారియాలు మట్టి కొలుములలో తరతరాలుగా ఇనుము తీస్తూనే ఉన్నారు. కోనసముద్రం ఉక్కు కథ విన్న తెలుగు పాఠకునికి ఇందులో వింత తోచదు. అగారియాలను గురించి వెరియర్ ఎల్విన్ 1942లో గ్రంథం వెలువరించే నాటికే కొలుముల మీది పన్నులు, అడవి చట్టాలు, చౌక విదేశీ ఇనుము ఆ వృత్తిని కుంగదీశాయి. టాటాల అన్వేషకులు రాజహరా ప్రాంతాన్ని చూసి, నీరు, బొగ్గు అనుకూలించక వెనుదిరిగారు. 1904లో అదే బోస్ రాసిన లేఖ వారిని మయూర్‌భంజ్ వైపు నడిపించింది. తత్ఫలితంగా జంషెడ్‌పూర్ వెలసింది. ఆ నగరానికి అనతి దూరంలోని జాదుగూడలో 1951లో యురేనియం జాడ బయటపడింది. ఒకే అధికారి కలం రెండు ఆదివాసీ సీమల భవితవ్యాన్ని తాకడం చరిత్రలోని యాదృచ్ఛికాలలో ఒకటి.

1967లో యురేనియం కార్పొరేషన్ ఏర్పడి జాదుగూడలో తవ్వకం సాగించింది. అక్కడివారు సంథాలులు, హోలు, ముండాలు. టన్ను రాతిని పిండి చేస్తే దక్కే యురేనియం సుమారు అరకిలో. మిగిలిన పిండి బురదగా మారి, ఊళ్ల పక్కన కట్టిన చెరువులలో చేరుతుంది. ఖనిజంలోని రేడియో ధార్మికతలో అధిక భాగం ఆ బురదలోనే నిలిచిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1600 సంవత్సరాలు పడుతుంది.

ఇనుప గనికీ దీనికీ గల భేదం ఇక్కడే. రాజహరా ఎర్రధూళి కంటికి కనిపించేది. కూలి తక్కువైతే కూలివానికే తెలిసేది. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో అక్కడి కార్మికులు సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్‌లో పోలీసు కాల్పులలో 11 మంది మరణించారు. వారి స్మృతికి కార్మికులు స్వయంగా ఇటుకలు మోసి, చందాలు పోగుచేసి 1983లో షహీద్ ఆసుపత్రిని తెరిచారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది. తమ నష్టాన్ని తామే గుర్తించి, తామే మందు వెదుక్కున్న వైనం అది.

రేడియో ధార్మికతకు రంగు లేదు, వాసన లేదు. దానిని కొలిచే పరికరం కావాలి. పరికరం గనిని నడిపే వ్యవస్థ చేతిలో ఉంటుంది. జాదుగూడ మీద దాఖలైన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2004లో అణుశక్తి యంత్రాంగం సమర్పించిన ప్రమాణపత్రం ఆధారంగా కొట్టివేసింది. 2007లో స్వతంత్ర వైద్యులు జరిపిన సర్వేలో గని చేరువ గ్రామాలలో పుట్టుకతో వచ్చే లోపాలు, సంతానలేమి దూర గ్రామాలలో కంటే ఎక్కువగా కనిపించాయి. గని యాజమాన్యం అంగీకరించలేదు. ఇరుపక్షాలలో ఎవరిది సత్యమో తేల్చగల సమాచారం ఆ గ్రామస్థుల చేతిలో లేకపోవడమే అసలు అన్యాయం. అమెరికాలోనూ ఇదే తంతు. నవాహో సీమలో 1944 నుంచి 1986 వరకు యురేనియం తవ్వారు. 1950 నుంచి ప్రభుత్వ వైద్యులు గని కార్మికులను పరీక్షించారు గాని, ప్రమాదమేమిటో వారికి చెప్పలేదు. పరిహార చట్టం 1990లో గాని రాలేదు.

భిలాయికి ఈ విషయం మరీ దూరం కాదు. పొరుగునే పూర్వపు రాజ్‌నాంద్‌గావ్ జిల్లాలోని బోదల్ వద్ద అణు ఖనిజ శాఖ యురేనియం నిక్షేపాన్ని గుర్తించి అన్వేషణకు గని తవ్వింది. అది ఉత్పత్తి గనిగా మారలేదు.

తెలుగు నేలపైన ఈ ప్రశ్న నల్లమలలో తలెత్తింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. ప్రతిపాదనలో 4000 బోరు రంధ్రాలున్నాయి. అది చెంచుల అడవి. తేనె, దుంపలు, వెదురు వారి బతుకు. చెంచులు మాట్లాడేది తెలుగే, కనుక ఆ ప్రతిపాదన సారాంశాన్ని వారికి వివరించడానికి దుబాసీ అవసరం కూడా లేదు. సంప్రదింపులు జరగకుండానే కాగితం ఢిల్లీ చేరింది. ఊళ్లలో నిరసనలు చెలరేగాక, సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానించింది. తీర్మానం రాష్ట్రానిది, అణు ఖనిజంపై అధికారం కేంద్రానిది.