వింటది గానీ చెప్పదు



నెల రోజులుగా చేవెళ్లలో అద్దె ఇల్లు వెతుకుతున్నాను. పోయిన వారం ఒకాయన గదులన్నీ చూపించి, గేటు దగ్గర ఆగి, "ఏమనుకోకుర్రి సార్, మీరేమోళ్లు?" అన్నాడు. చెప్పాను. "మా పిలగాన్ని అడిగి ఫోన్ చేస్త" అన్నాడు. ఫోన్ రాలేదు. తెలుగు సాహిత్యంలో నేను చేసిన పీహెచ్‌డీ ఆ గేటు దాటలేదు.

మర్నాడు మా వాడ చెల్లె ఫీజు పని మీద మొయినాబాద్‌లో ఆమె చదివే కాలేజీకి పోయాను. ల్యాబ్‌లో నాలుగు నెట్‌వర్క్ స్విచ్‌లు కలిపి కూర్చుంది.

"ఏ వైరు ఎక్కడికి పోయిందో మనం వెతుక్కునుడు లేదన్నా. పక్కపక్క స్విచ్‌లే ఒకదానికొకటి చెప్పుకుంటయి."

దాని పేరు ఎల్‌ఎల్‌డీపీ. సిస్కో కంపెనీకి సొంతంగా సీడీపీ ఉంది. వేర్వేరు కంపెనీల యంత్రాలు కూడా మాట్లాడుకునేలా ఐఈఈఈ సంస్థ 2005లో ఈ ప్రమాణం తెచ్చింది. సిస్కో స్విచ్‌లో 'ఎల్‌ఎల్‌డీపీ రన్' అని కొడితే మొదలవుతుంది. మామూలుగా 30 సెకన్లకోసారి ప్రతి స్విచ్ మూడు సంగతులు తప్పక చెప్పాలి: నేనెవరు, ఏ పోర్టు నుంచి మాట్లాడుతున్నాను, ఈ మాట ఎంతసేపు గుర్తుంచుకోవాలి. 120 సెకన్ల పాటు కబురు లేకపోతే పొరుగు స్విచ్ ఆ పేరు తీసేస్తుంది. ఒకరి కబురును ఇంకొకరు మూడో ఇంటికి మోయరు.

చెల్లె 'షో ఎల్‌ఎల్‌డీపీ నైబర్స్' కొట్టింది. మూడు వైర్లున్నాయి, రెండు పేర్లే కనిపించాయి. మూడో దాని లైటు వెలుగుతోంది, డేటా పోతోంది, పేరు మాత్రం లేదు. అవతలి స్విచ్ చూస్తే ఆ పోర్టు మీద 'నో ఎల్‌ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్' అని ఉంది.

"ఇది మన పేరు వింటది గానీ తన పేరు చెప్పదన్నా."

నాకు గేటు దగ్గరి మనిషి గుర్తొచ్చాడు. నా కులం విన్నాడు. తన కులం చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు ఆయనదే అన్నట్టు నిలబడ్డాను.

చెల్లె దాన్ని సరిచేసింది. తర్వాత బయటి ఇంటర్నెట్ వైపున్న పోర్టు మీద చెప్పడం, వినడం రెండూ తానే ఆపేసింది. "మన స్విచ్ మోడల్, వెర్షన్ బయటోళ్లకు చెప్తే దాడి చేసేటోనికి దారి చూపినట్టే."

ఇది కూడా మౌనమే. కానీ రెండూ ఒకటి కావు. పట్నంలో గది కోసం కులం దాచుకున్న మనవాళ్లను పిరికివాళ్లని తొందరపడి అంటుంటాం. 1917లో బరోడాలో తలదాచుకోవడానికి అంబేద్కర్ అంతటివాడు పార్సీ పేరుతో ఒక సత్రంలో ఉండాల్సి వచ్చింది. సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. దాడి వచ్చే వైపు మూసుకోవడం తప్పు కాదు. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది మన చేతిలో ఉండాలి. ఎదుటివాడు మాత్రం వింటూ, తాను చెప్పకుండా ఉండటమే పెత్తనం.

ఈ ఆదివారం ఇంకో ఇల్లు చూడబోతున్నాను. అడిగితే చెప్తాను. కానీ ముందు నేనూ అడుగుతాను: "మీరేమోళ్లు?"

జై భీమ్.