పారేయని ముక్క

"ఇరవైనాలుగు గంటల నొప్పే కదా, కోసి పారేస్తే సరి!" అన్నారు మా అత్తగారు. మా 12 ఏళ్ళ అమ్మాయికి అపెండిక్సు తీసేశారు. తీసిన ముక్కని పరీక్షకి పంపాలంటే, "మళ్ళీ ఖర్చా?" అని గొణిగింది మాత్రం నేనే సుమండీ!

వారానికి కాగితం వచ్చింది. కొసన 8 మిల్లీమీటర్ల కార్సినాయిడ్ గడ్డట. నా కాళ్ళు చల్లబడ్డాయి.

"1907లో ఓబెర్న్‌డార్ఫర్ అనే జర్మను డాక్టరు 'కాన్సరు లాంటిది' అని పెట్టిన పేరమ్మా అది. పిల్లల్లో అరుదు. నొప్పని అపెండిక్సు తీస్తేనే, పరీక్షలో ఇలా బయటపడుతుంది. ఇంత చిన్నదైతే, అంతా వచ్చేస్తే, ఆ తీయడమే వైద్యం" అన్నారు డాక్టరుగారు.

నా గొణుగుడు ఆయన వినిపించుకోకపోవడం ఎంత మేలు!

ఇంటికొచ్చేసరికి అమ్మాయి దొంగచాటుగా ఆవకాయన్నం కలుపుకుంటోంది. కోప్పడబోయి, నెయ్యి గిన్నె తెచ్చి పక్కన కూర్చున్నాను.